లిమిట్‌లో డబ్బుండగానే చెక్కు ఎందుకు తిరిగొచ్చింది?

ప్రశ్న: నేనూ మావారూ కలిసి ఎలక్ట్రికల్ సామాన్ల షాపు నడుపుతున్నాం. నెలకు జీఎస్టీ కాకుండా 6 లక్షల అమ్మకం, అందులో లాభం 15 శాతం దాకా ఉంటుంది. అద్దె, ఇద్దరు కుర్రాళ్ల జీతాలు, కరెంటు, రవాణా అన్నీ కలిపి షాపు ఖర్చు 45 వేలు. బ్యాంకులో 10 లక్షల సీసీ (క్యాష్ క్రెడిట్, అంటే లిమిట్ దాకా తీసుకుంటూ కడుతూ ఉండే అప్పు) ఉంది, వడ్డీ 10.5 శాతం. రెండేళ్ల కింద మూడున్నర లక్షలకు మించి వాడేవాళ్లం కాదు. ఇప్పుడు 9 లక్షల 62 వేలకు చేరింది. అమ్మకాలు తగ్గలేదు, దుబారా లేదు. ఇంటికి 35 వేలు, బండి కిస్తీ 9,500, పిల్లల ఫీజులు నెలకు 10 వేల లెక్కన, చీటీకి 10 వేలు తీస్తాం. చీటీ రెండున్నర లక్షలది, 25 నెలలకు 17 కట్టాం, ఇంకా పాడలేదు. స్కానర్‌లో పడే డబ్బు మావారి సేవింగ్స్ ఖాతాలోకి వెళ్తుంది. మూడు వారాల కింద బ్యాంకు ఆఫీసరు వచ్చి సరుకు లెక్క చూసుకున్నారు. ఆ తర్వాతి వారమే 28 వేల చెక్కు తిరిగొచ్చింది. లిమిట్‌లో ఇంకా 38 వేలు ఉండగా ఎందుకు వెనక్కి పంపినట్టు? సరుకు 11 లక్షలుంది. మాకు రావలసినవి 7 లక్షలు, అందులో 3 లక్షలు మూడు నెలలు దాటినవి. డిస్ట్రిబ్యూటర్లకు ఇవ్వాల్సింది మూడున్నర లక్షలు. వారంలో కడితే 2 శాతం క్యాష్ డిస్కౌంట్ ఇస్తామంటారు, మేం ఇరవై రోజులకు కడుతున్నాం. సరుకు బీమా 7 లక్షలకు ఉంది. మంజూరు పత్రం, స్టాక్ స్టేట్‌మెంట్ల నకళ్లు జత చేశాం. నెలకు ఒక్క శాతం వడ్డీకి 5 లక్షల పర్సనల్ లోన్ ఇస్తామని ఫోన్లు వస్తున్నాయి. అది తీసుకుని సీసీ తగ్గిద్దామంటారు మావారు. బంగారం పెడదామని నేను. ఏది మంచిది?

సమాధానం: మీ అంకెలు చాలా విడమరిచి రాశారు కాబట్టి జవాబు వాటిలోనే దొరికింది. ముందు చెక్కు సంగతి.

సీసీలో మీకు రెండు హద్దులుంటాయి. ఒకటి మంజూరైన లిమిట్, 10 లక్షలు. రెండోది డ్రాయింగ్ పవర్, బ్యాంకు భాషలో డీపీ. ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతవరకే చెక్కు చెల్లుతుంది. డీపీ నెలనెలా మారుతుంది, ఎందుకంటే అది మీరిచ్చే స్టాక్ స్టేట్‌మెంట్ (సరుకు, బాకీల లెక్క) నుంచి పుడుతుంది. మీరు పంపిన మంజూరు పత్రం నకలులో షరతులు స్పష్టంగా ఉన్నాయి: సరుకు మీద 25 శాతం మార్జిన్ (అంటే లెక్కలోంచి తీసేసే భాగం), మీకు రావలసిన బాకీల్లో 90 రోజుల లోపువాటి మీద 40 శాతం మార్జిన్, 90 రోజులు దాటినవాటికి విలువ సున్నా. ఈ శాతాలు అన్ని బ్యాంకుల్లో ఒకేలా ఉండవు. ఎవరి మంజూరు పత్రం వాళ్లు చూసుకోవాలి.

మీ లెక్క వేద్దాం. సరుకు 11 లక్షలు. అందులో మూడున్నర లక్షలకు ఇంకా డబ్బు కట్టలేదు, కాబట్టి ఆ మేరకు అది డిస్ట్రిబ్యూటరు సొమ్మే. మిగిలిన ఏడున్నర లక్షల్లో 25 శాతం మార్జిన్ తీసేస్తే 5,62,500. బాకీల్లో 90 రోజుల లోపువి 4 లక్షలు, 40 శాతం పోతే 2,40,000. మొత్తం 8,02,500. మీరు వాడింది 9,62,000. అంటే మీకు 38 వేలు మిగిలి లేవు, ఒక లక్షా 59 వేల 500 ఎక్కువ వాడేశారు. బ్యాంకు చెక్కు ఆపింది అందుకే.

మరి అంతకు ముందు నెల ఎందుకు ఆపలేదు? స్టేట్‌మెంట్ నకళ్లు చూస్తే తెలిసిపోతోంది. ఏడు నెలలుగా ఒకే అంకె, 14 లక్షల సరుకు అని, డిస్ట్రిబ్యూటరు బాకీ గడి ఖాళీగా పెట్టి ఇస్తున్నారు. పాత కాగితం మీద తేదీ మార్చి సంతకం పెట్టడం చాలామంది చేసే పనే. ఆఫీసరు వచ్చి లెక్కపెట్టిన రోజున ఏడు నెలల తేడా ఒక్కసారిగా మీద పడింది. ఇకనుంచి నెలాఖరున నిజంగా లెక్కపెట్టి, ఆ షీటు ఫైల్లో ఉంచి, అదే అంకె ఇవ్వండి. లేని సరుకు ఉన్నట్టు చూపడం అప్పు ఒప్పందాన్ని ఉల్లంఘించడమే, ముదిరితే తప్పుడు లెక్కలిచ్చారన్న ఆరోపణ దాకా పోతుంది. అలాగని స్టేట్‌మెంట్ ఇవ్వడం మానేయకూడదు. మూడు నెలలు దాటిన స్టేట్‌మెంట్ ఆధారంగా వాడుకున్న మొత్తాన్ని రిజర్వు బ్యాంకు నిబంధనలు సక్రమంగా లేనిదిగానే లెక్కగడతాయి.

ఇప్పుడు మీ మీద ఒక గడువు నడుస్తోంది. లిమిట్, డీపీలలో తక్కువదాని కంటే ఎక్కువ బాకీ ఎడతెగకుండా 30 రోజులు దాటితే ఖాతా ఎస్ఎంఏ-1 (ఇబ్బందిలో పడుతున్న ఖాతా అన్న హెచ్చరిక గుర్తు), 60 దాటితే ఎస్ఎంఏ-2, 90 దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. 90 రోజులు ఖాతాలో జమలే లేకపోయినా, వచ్చిన జమలు ఆ కాలంలో వేసిన వడ్డీకి సరిపోకపోయినా అదే గతి. ఎన్‌పీఏ ముద్ర ఖాతాకు కాదు, మనిషికి పడుతుంది. అదే బ్యాంకులో బండి లోన్ కిస్తీలు ఒక్కటీ తప్పకుండా కట్టినా దాన్నీ ఎన్‌పీఏలో కలిపేస్తారు. మీకు ఇప్పటికి మూడు వారాలు గడిచాయి. కంగారు పడాల్సినంత దూరం రాలేదు, కానీ ఈ నెల ఊరుకునే నెల కాదు.

సీసీ స్టేట్‌మెంటులో అదనపు వాడకానికి జరిమానా కూడా వేసి ఉంటారు. 2024 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం దాన్ని వడ్డీ రేటు మీద కలపకూడదు, విడిగా ఛార్జీగానే వేయాలి, ఆ ఛార్జీ మీద మళ్లీ వడ్డీ వేయకూడదు. వడ్డీ రేటే పెంచి వేసినట్టు కనిపిస్తే రాతపూర్వకంగా అడగండి.

ఇక అసలు ప్రశ్న. అమ్మకాలు తగ్గకుండా, దుబారా లేకుండా రెండేళ్లలో ఆరు లక్షలు ఎటు పోయాయి? ఎటూ పోలేదు, ఇంటికి వచ్చాయి. 6 లక్షల మీద 15 శాతం అంటే 90 వేలు. షాపు ఖర్చు 45 వేలు పోతే మిగిలేది 45 వేలు. ఇంటికి మీరు తీస్తున్నది 35 వేలు, 9,500, 10 వేలు, ఇంకో 10 వేలు: మొత్తం 64,500. వడ్డీ కట్టకముందే నెలకు 19,500 తక్కువ పడుతోంది. ఈ రెండేళ్లలో సగటున ఏడు లక్షలు వాడారనుకుంటే వడ్డీ నెలకు మరో 6,100. రెండూ కలిపి 24 నెలలకు 6 లక్షల 15 వేలు. చీటీ 17 నెలలే కట్టారు కాబట్టి అందులో 70 వేలు తీసేస్తే 5 లక్షల 45 వేలు. మూడున్నర లక్షలకు ఇది కలిపితే 8 లక్షల 95 వేలు, ఇప్పటి బాకీలో చాలావరకు తేలిపోతుంది. ఒక్క నెలలో పెద్ద ఖర్చేదీ లేదు కాబట్టే కంటికి కనపడలేదు. షాపు సొమ్మూ ఇంటి సొమ్మూ ఒకే గల్లాలో ఉంటే, సీసీలో ఖాళీ ఉన్నంతకాలం లోటు కూడా లాభంలాగే చేతికొస్తుంది.

సీసీ తిరిగే డబ్బు కోసం. సరుకు కొని, అమ్మి, బాకీ వసూలై మళ్లీ ఖాతాలో పడే దేనికైనా వాడొచ్చు. తిరిగి రానిదానికి, అంటే ఫీజులకు, కిస్తీలకు, చీటీకి, షాపు ర్యాకులకు వాడితే అది అక్కడే గడ్డకడుతుంది. మీ 9.62 లక్షల్లో దాదాపు ఐదున్నర లక్షలు అలా గడ్డకట్టినవే.

ఇక మీవారి ఆలోచన సంగతి. నెలకు ఒక్క శాతం అంటే సంవత్సరానికి 12 కదా అనిపిస్తుంది. ఫోన్లో చెప్పేది ఫ్లాట్ రేటు. గడువు మూడేళ్లనుకుంటే, మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా ఆ మూడేళ్లూ మొత్తం 5 లక్షల మీదే వడ్డీ వేస్తారు. 5 లక్షలకు మూడేళ్లలో 1,80,000 వడ్డీ, కిస్తీ 18,889. తగ్గే బాకీ మీద లెక్కిస్తే ఇది ఏడాదికి 21.2 శాతం అవుతుంది. ప్రాసెసింగ్ ఫీజు, దానికి తగిలించే బీమా కలిపితే ఇంకా పైకి. ఏ లోన్ అయినా సంతకానికి ముందు వార్షిక మొత్తం ఖర్చు శాతాన్ని, ఏపీఆర్ అంటారు దాన్ని, ముఖ్య వివరాల పత్రంలో చూడండి. ఆ పత్రం చూపించనివాళ్ల దగ్గర మాటలు పెంచకండి. 10.5 శాతం అప్పు తీర్చడానికి 21 శాతం అప్పు తేవడం ఒక తప్పయితే, పెద్ద తప్పు ఇంకోటి: సీసీలో 5 లక్షలు తగ్గితే నెలకు 4,375 వడ్డీ మిగులుతుంది, కొత్త కిస్తీ 18,889 మొదలవుతుంది. నెల లోటు మరో 14,500 పెరుగుతుంది. ఏడాది తిరిగేసరికి సీసీ మళ్లీ నిండుతుంది, పర్సనల్ లోన్ అలాగే ఉంటుంది. ఈ మాట ఆయనకు చదివి వినిపించండి.

ముందు తీర్చాల్సింది లక్షా 59 వేల 500. దీన్ని ఏ డబ్బుతో తీర్చాలన్నది ఆలోచించి చేయాల్సిన పని, ఎందుకంటే సీసీలో పడే ప్రతి రూపాయీ ఒకే బలంతో పనిచేయదు. 90 రోజులు దాటిన బాకీ ఒక రూపాయి వసూలైతే డీపీ తగ్గదు, ఎలాగూ దానికి విలువ లేదు. కాబట్టి అదనపు వాడకం నిండుగా రూపాయి తగ్గుతుంది. నిన్న మొన్న ఇచ్చిన అరువు ఒక రూపాయి వసూలైతే డీపీ కూడా 60 పైసలు తగ్గుతుంది, నికరంగా కలిసొచ్చేది 40 పైసలే. పాత మోడల్ ఫ్యాన్లు, ఫిట్టింగులు 2 లక్షల సరుకును 20 శాతం తగ్గించి లక్షా 60 వేలకు వదిలించుకున్నారనుకోండి: బాకీ 1.6 లక్షలు తగ్గుతుంది, డీపీ 1.5 లక్షలు తగ్గుతుంది, నికరం 10 వేలు. వడ్డీ మిగులుతుంది కాబట్టి అది మంచి పనే, కానీ ఈ గడువు నుంచి మిమ్మల్ని బయట పడేయదు. బ్యాంకు ఆఫీసరు ఆ పాత సరుకును ముందే లెక్కలోంచి తీసేసి ఉంటే మాత్రం వేరే సంగతి, అప్పుడు మొత్తం 1.6 లక్షలూ కలిసొస్తాయి. అడిగి తెలుసుకోండి.

అందుకని మొదట ముట్టుకోవాల్సినవి చీటీ, మూడు నెలలు దాటిన 3 లక్షల బాకీలు.

చీటీకి నెలనెలా మీరు కడుతున్న 10 వేలు నిజానికి సీసీలోంచే వెళ్తున్నాయి. 10.5 శాతానికి అప్పు తెచ్చి పొదుపు చేస్తున్నారన్నమాట. ఇంకా 8 వాయిదాలే మిగిలాయి కాబట్టి పాట ఎక్కువ పోదు. చీటీ నడిపే ఫోర్‌మన్ కమిషను, పాట తగ్గింపు పోను 2 లక్షల 20 వేలు చేతికొస్తుందనుకుందాం. అది 8 నెలలు ముందుగా సీసీలో పడితే మిగిలే వడ్డీ 15,400. చివరిదాకా ఆగితే వచ్చేదానికంటే 15 వేల లోపు తక్కువకు పాడగలిగితే లాభమే. మామూలు నెలలో నేను ఈ 15 వేల దగ్గర ఆగమనేవాణ్ని, ఈ నెల మాత్రం కొంచెం దాటినా పాడేయండి. పాడాక మిగిలిన వాయిదాలు కట్టాలి, జామీను పత్రాలు అడుగుతారు, డబ్బు చేతికి రావడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. ఈ రోజే ఫోర్‌మన్‌ను అడిగి ఏ కాగితాలు కావాలో రాయించుకోండి.

ఆ కొన్ని వారాల ఎడం కోసమైతే మీరన్న బంగారం లోను సరైనదే. లక్షా 60 వేలకు మించి తీసుకోకండి, తీర్చే డబ్బు చీటీ నుంచి వస్తుందని ముందే రాసి పెట్టుకోండి. ఒక్కసారిగా కట్టే రకం, గడువు ముందు తీర్చినా రుసుము లేనిది అడగండి. 9 శాతం అనుకుంటే రెండు నెలలకు 2,400 వడ్డీ. తూకం, స్వచ్ఛత, రాళ్లకు తీసేసిన బరువు రాసిన రసీదు మీ ఎదుటే తీసుకోవాలి. అప్పు పూర్తిగా తీరాక 7 పనిదినాల్లో నగలు తిరిగివ్వకపోతే, ఆలస్యం వాళ్లదైతే, రోజుకు 5 వేల చొప్పున పరిహారం ఇవ్వాలన్నది 2026 ఏప్రిల్ 1 కల్లా అమల్లోకి రావాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన. చీటీ డబ్బు రాగానే బంగారం విడిపించడం మాత్రం వాయిదా వేయొద్దు. ఆ డబ్బు సరుకులోకి వెళ్లిందంటే బంగారం బ్యాంకులోనే ఉండిపోతుంది.

పాత బాకీల్లో 3 లక్షలూ వస్తాయని ఆశ పెట్టుకోకండి, లక్షన్నర వస్తే గెలిచినట్టే. ఎలక్ట్రీషియన్లు, చిన్న కాంట్రాక్టర్లే మీ దగ్గర ఎక్కువ అరువు పెడుతున్నట్టున్నారు. వాళ్లతో తగవు పడక్కర్లేదు, రెండు పద్ధతులు మార్చండి. వచ్చిన డబ్బును అందరికంటే పాత బిల్లుకు జమ కట్టి, ఆ బిల్లు నంబరు రసీదు మీద రాయండి. కొత్త బిల్లుకు జమ కడుతూ పోతే పాతది 90 రోజులు దాటి డీపీలో చచ్చిపోతుంది. రెండోది, పాత బిల్లు తీరేదాకా కొత్త వైరు కాయిల్ అరువుకు ఇవ్వకండి, నగదుకు ఎంతైనా ఇవ్వండి. బేరం పోతుందని భయపడతారు గానీ, పాత బాకీ ఎగ్గొట్టాలనుకున్నవాడే దీనికి అలుగుతాడు. ఇప్పుడిప్పుడే ఇవ్వలేనన్నవాళ్ల దగ్గర ఎంత ఇవ్వాలో తేదీతో రాసిన కాగితం మీద సంతకం తీసుకోండి. మామూలు అరువుకు కోర్టుకెళ్లే గడువు మూడేళ్లు. గడువు తీరకముందే బాకీ ఒప్పుకుంటూ సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి.

నెలకు 2.4 లక్షలు అరువుకు ఇస్తున్నారనుకుంటే, 7 లక్షల బాకీ అంటే దాదాపు 88 రోజుల అరువు. మీ డిస్ట్రిబ్యూటరు మీకిస్తున్నది ఇరవై రోజులు. మధ్యలో ఉన్న 68 రోజులు మీరు మోస్తున్నారు, అదీ జీఎస్టీతో కలిపి. నెలనెలా రిటర్ను వేసేవాళ్లు బిల్లు రాసిన నెలకు పన్ను మరుసటి నెల 20వ తేదీకల్లా కట్టాలి, కొన్నవాళ్లు మీకిచ్చినా ఇవ్వకపోయినా. మీ లాభం అంకెను బట్టి చూస్తే 18 శాతం చొప్పున నెలకు 16 వేల దాకా కట్టాల్సిన నికర పన్ను ఉంటుంది. ఆ డబ్బు గల్లాలో ఉన్నప్పుడు మీది అనిపిస్తుంది, కాదు. కాబట్టి నెలదాకా వాడుకునే అరువుకు నగదు ధరే ఇవ్వకండి. మూడు నెలల అరువు సీసీ వడ్డీ రూపంలో బిల్లు మొత్తంలో 2.6 శాతం తినేస్తుంది. ధర పెంచుతున్నామని చెప్పే కంటే, రేట్లు రెండు శాతం సవరించి నగదుకు రెండు శాతం తగ్గింపు అని బోర్డు పెట్టడం తేలిక. అరువు అమ్మకాల మీద నెలకు 4,800 దాకా కలిసొస్తుంది.

ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి ఇంకోటి ఉంది: డిస్ట్రిబ్యూటరు వారంలో కడితే 2 శాతం క్యాష్ డిస్కౌంట్ ఇస్తానంటాడు, మీరు ఇరవై రోజులకు కడుతున్నారు. 13 రోజుల ఆలస్యానికి 2 శాతం వదులుకుంటున్నారు. ఏడాదికి లెక్కేస్తే 57 శాతం వడ్డీ. మీ షాపులో ఇంత ఖరీదైన అప్పు ఇంకోటి లేదు. నెల కొనుగోళ్లు 5.1 లక్షలు, 2 శాతం అంటే 10,200. వారంలో కట్టడానికి సీసీలో అదనంగా 2.2 లక్షలు నిలబడాలి, దాని వడ్డీ 1,930. నెలకు 8 వేలకు పైగా మిగులు. పైగా డిస్ట్రిబ్యూటరు బాకీ తగ్గుతుంది కాబట్టి డీపీ లక్షా 65 వేలు పెరుగుతుంది. సీసీ పెట్టుకున్నది ఇలాంటి పనులకే. కాకపోతే దీనికి సీసీలో ముందు ఖాళీ కావాలి. చీటీ 2.2 లక్షలు, పాత బాకీలు లక్షన్నర పడ్డాక మీ బాకీ 5.92 లక్షలకు దిగుతుంది. అప్పుడు మొదలుపెట్టండి.

అప్పటి లెక్క ఇది. మామూలు మిగులు 45 వేలు, క్యాష్ డిస్కౌంట్ 10,200, అరువు ధర తేడా 4,800: మొత్తం 60 వేలు. సీసీ 8.1 లక్షల దగ్గర ఉంటుంది, వడ్డీ 7,100. ఇంటికి తీయగలిగింది 52,900. చీటీ అయిపోయాక మీ ఇంటి ఖర్చు 54,500. తేడా 1,600, దాన్ని మీరే సర్దుకోగలరు. చీటీ ఉన్న ఈ 8 నెలలు మాత్రం నెలకు 11,600 లోటు తప్పదు, మొత్తం 93 వేలు. డీపీ అప్పటికి 9.6 లక్షలు దాటుతుంది కాబట్టి ఆ లోటును భరించవచ్చు. ఫీజులో ఒక వాయిదా వెనక్కి జరపగలిగితే ఇంకా మంచిది. కొత్త చీటీ, కొత్త కిస్తీ ఏదీ ఈ ఏడాది మొదలుపెట్టొద్దు.

ఖాతాలు విడదీయడం ఈ వారమే చేయండి, దానికి డబ్బు అక్కర్లేదు. సీసీ ఉన్నవాళ్లకు వేరే కరెంట్ ఖాతా అవసరం లేదు, సీసీయే కరెంట్ ఖాతాలా పనిచేస్తుంది. షాపు స్కానర్‌ను దానికి కలిపించండి. అమ్మకం అంతా అందులో పడాలి, కొనుగోళ్లూ అద్దె జీతాలూ అందులోంచే వెళ్లాలి. ఇంటికి మీ పేరు మీద ఒక సేవింగ్స్ ఖాతా. 1వ తేదీన, 16వ తేదీన సమానంగా డబ్బు దానికి వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వండి. బండి కిస్తీ మాండేట్, ఫీజులు, చీటీ ఆ ఖాతాకు మార్చండి. నెల మధ్యలో ఇంటి ఖాతా ఖాళీ అయితే గల్లాలో చెయ్యి పెట్టకుండా తర్వాతి తేదీ దాకా ఆగాలి. మొదటి రెండు నెలలు కష్టంగానే ఉంటుంది.

స్కానర్ డబ్బు సేవింగ్స్‌కు పోవడం వల్ల మీకు తెలియని నష్టం ఇంకోటి జరుగుతోంది. చిన్న వ్యాపారాలకు ఏడాది అమ్మకం అంచనాలో కనీసం 20 శాతం వర్కింగ్ క్యాపిటల్ లిమిట్ (సీసీ లాంటి, వ్యాపారం తిప్పుకునే అప్పు) ఇవ్వడం రిజర్వు బ్యాంకు వేసిన నాయక్ కమిటీ చెప్పిన పద్ధతి, బ్యాంకులు ఇప్పటికీ అదే వాడతాయి. మీ 72 లక్షల అమ్మకానికి 14.4 లక్షల అర్హత వస్తుంది. కానీ రెన్యువల్ అప్పుడు ఆఫీసరు జీఎస్టీ రిటర్నులను, సీసీలో పడిన జమలను పక్కపక్కన పెట్టి చూస్తారు. ఖాతాలో 40 లక్షలే తిరిగితే 8 లక్షలకు మించి ఎందుకివ్వాలనే ప్రశ్న వస్తుంది, మిగతా అమ్మకం ఎటు మళ్లించారన్న అనుమానం దాని వెంటే. పైగా ఎవరో మోసపు డబ్బుతో స్కానర్‌కు కట్టారనుకోండి, సైబర్ ఫిర్యాదు వస్తే ఆ ఖాతాలో సొమ్ము ఆపేస్తారు. ఇంటి డబ్బూ షాపు డబ్బూ ఒకేచోట ఉంటే రెండూ ఆగుతాయి. ప్రతి పెద్ద అమ్మకానికి బిల్లు ఉంటే విడిపించుకోవడం తేలిక.

తిరిగొచ్చిన చెక్కు డబ్బును ఆలస్యం చేయకుండా ఆన్‌లైన్‌లో పంపి, చెక్కు వెనక్కి తీసుకోండి. అవతలివాళ్లు చెక్కు తిరిగొచ్చినట్టు తెలిసిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వవచ్చు. నోటీసు అందిన 15 రోజుల్లో కడితే కేసుకు అవకాశం ఉండదు. ఇకమీదట ఇచ్చిన చెక్కుల చిట్టా ఒకటి పెట్టుకుని, డీపీలోంచి అవి తీసేశాక మిగిలినదే మీ చేతిలో ఉన్న డబ్బుగా చూడండి. రెండు రోజుల తర్వాత గానీ క్లియరింగుకు రాదులే అన్న పాత ధీమా చెల్లదు, 2025 అక్టోబర్ 4 నుంచి చెక్కులు ఏ రోజువి ఆ రోజే తేలుతున్నాయి.

బ్యాంకుకు మీరే వెళ్లండి, వాళ్లు పిలిచేదాకా ఆగొద్దు. నిజమైన స్టాక్ లెక్క, బాకీల జాబితా బిల్లు తేదీలతో, చీటీ పాస్‌బుక్కు, అదనపు మొత్తం ఏ తేదీకి తీరుస్తారో రాసిన ఒక పేజీ ఉత్తరం తీసుకెళ్లి, నకలు మీద ముద్ర వేయించుకోండి. నెలాఖరున ఎవరి దగ్గరో రెండు లక్షలు తెచ్చి వేసి మర్నాడు తీసేసే పని చేయకండి. స్టేట్‌మెంటులో వచ్చిన పేరుకే వెళ్లిన డబ్బు ఆఫీసరు కంటికి ఇట్టే దొరుకుతుంది. లిమిట్ రెన్యువల్ తేదీ కూడా అప్పుడే చూసుకోండి. గడువు తేదీ నుంచి 180 రోజుల్లో రెన్యువల్ కాకపోయినా ఖాతా ఎన్‌పీఏ కిందికే వెళ్తుంది.

సీసీలో గడ్డకట్టిన భాగాన్ని మూడేళ్ల టర్మ్ లోనుగా మార్చమని అడగొచ్చా అన్న ఆలోచన మీకూ వచ్చే ఉంటుంది. అడగొచ్చు, అయితే ఇప్పుడు కాదు. ఖాతా ఇరుకులో ఉన్నప్పుడు పాత బాకీని వాయిదాల్లోకి మారిస్తే బ్యాంకు దాన్ని రీస్ట్రక్చరింగ్‌గా, అంటే తీర్చలేక షరతులు మార్చిన అప్పుగా నమోదు చేయవచ్చు, అది మీ రికార్డుకు మచ్చ. అదనపు వాడకం తీరి, మూడు నాలుగు నెలలు ఖాతా డీపీ లోపల నడిచాక రెన్యువల్‌తో పాటు అడగండి. 4 లక్షలు 11.5 శాతానికి మూడేళ్లకు కిస్తీ 13,200 దగ్గర ఉంటుంది. చీటీ వాయిదా 10 వేలు ఆగిపోయిన నెల నుంచి మాత్రమే అది మీ లెక్కలో పడుతుంది, అప్పుడు కూడా, సీసీ వడ్డీ తగ్గినా, ఇంటి ఖర్చు నెలకు పదకొండు పన్నెండు వేలు బిగించాలి. అది వీలుకాదనిపిస్తే టర్మ్ లోను వదిలేయండి.

సరుకు బీమా 7 లక్షలకే ఉందని రాశారు. 11 లక్షల సరుకు ఉన్న షాపులో 3 లక్షల నష్టం జరిగితే చేతికొచ్చేది లక్షా 90 వేలే, తక్కువ బీమా చేసిన నిష్పత్తిలో క్లెయిము కోసేస్తారు. బ్యాంకుకు వెళ్లిన రోజునే ఆ మొత్తాన్ని 11 లక్షలకు పెంచమని చెప్పి రండి.